ఉద్దానం కిడ్నీ జబ్బు: తెలియనిది తెలియదనే చెబుదాం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు, ఎవరిని కదిపినా కిడ్నీ జబ్బుకి ఏదో ఒక కారణం చెబుతారు. నీళ్లంటారు, పురుగుమందులంటారు, జీడితోటల్లో ఎండకి మాడటం అంటారు. నీళ్లలో సిలికా, భారలోహాలు, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం అన్నీ పరిశోధకులు తవ్వి చూసినవే. ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కనిపించే ఇలాంటి జబ్బుదీ ఇదే పరిస్థితి.

అందుకే "మా నీళ్ల వల్లేనా బాబూ?" అని అడిగితే ఆరోగ్య సిబ్బందిగా మనం "తెలీదమ్మా" అనే చెప్పాలి. తోచింది చెప్పేస్తే నష్టం పెద్దది. నీళ్లే కారణమనుకున్న ఇల్లు క్యాన్ నీళ్లు పెట్టుకుని, ఇక భయం లేదని రక్త పరీక్షలు మానేస్తుంది. మంచినీళ్లు ఎలాగూ కావాలి, కానీ పరీక్ష మానకూడదు. ఈ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా ముదురుతుంది.

అలాగని చూడకుండా "కారణం తెలియదు" అని రాసేయడం కూడా తప్పే. షుగరు, బీపీ, రాళ్లు, మూత్రం దారిలో అడ్డు ఇవేవీ కావని తేలాకే ఆ మాట రాయాలి. ఏం చూశారో, ఏం చూడలేదో చీటీలో పక్కనే రాయాలి. పైడాక్టరుకి అదే ఆధారం.

పరీక్షల్లోనూ తొందరపడితే మోసపోతాం. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.2 ఉంటే "నార్మలే" అనేస్తుంటారు. పాతికేళ్ల కుర్రాడికి ఆ అంకె అంటే కిడ్నీల వడపోత నిమిషానికి 86 మి.లీ. దాకా ఉన్నట్టు. యాభై ఏళ్ల ఆడమనిషికి అదే అంకె అంటే 55కి పడిపోయినట్టు. అంకెతో పాటు వయసు, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్ (ఈ వడపోత అంచనా) లెక్క కట్టించాలి. 60 లోపు వస్తే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి, అప్పటికీ తగ్గే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు. బాగా తగ్గిపోతే మాత్రం మూడు నెలలు ఆగకుండా వెంటనే కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాలి. మాంసం తిన్న పూటా, ఎండలో పనిచేసి వచ్చిన వెంటనే రక్తం ఇస్తే అంకె పెరిగి కనిపించొచ్చు. ఇక్కడి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ తక్కువే పోతుంది కాబట్టి, పుల్లతో చూసే మూత్ర పరీక్ష బాగుందని వదిలేయకూడదు.

నీళ్లు ఎంత తాగాలన్నా ఊహ మీద చెప్పొద్దు. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడు ఎక్కువే తాగాలి. కాళ్లు వాచి, మూత్రం తగ్గిన రోగికి ఆ సలహాయే ప్రమాదం. కొబ్బరినీళ్లు కూడా అంతే. వాటిలో పొటాషియం ఎక్కువ, రక్తంలో అది ఇప్పటికే పెరిగిన రోగికి గుండె లయ తప్పించగలవు. పొటాషియం రిపోర్టు చేతిలో లేకపోతే "చూశాక చెబుతాను" అనండి.

ఏ బిళ్ల వేసుకుంటున్నారంటే చాలామంది "తెల్లగా ఉంటాది బాబూ" అంటారు. గద్దించొద్దు, మీరే ఒక పేరు ఊహించి రాసుకోవద్దు. ఖాళీ అట్టలు తెమ్మనండి. కిడ్నీని దెబ్బతీయగల నొప్పి బిళ్లలు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కనిపిస్తే డాక్టరుకి చూపించి ఆపించండి. పసరు మందైతే ఎన్నాళ్ల నుంచి తాగుతున్నారో రాసుకోండి.