ఆ పాటలు ఎవరి నుంచి దాచాయి?

పాత పాటల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఇద్దరు తయారవుతారు. ఒకరు, ఆ కాలపు పాటల్లో భక్తీ మర్యాదా తప్ప మరేమీ ఉండేవి కావని, బూతంతా సినిమాలతోనే వచ్చిపడిందని అంటారు. రెండోవారు కొంటెగా నవ్వి, పైకి కనిపించేది వేరు, లోపలంతా డబుల్ మీనింగే అంటారు. కొన్నేళ్లుగా పదాలూ జావళులూ (నాయికా నాయకుల ప్రేమను పాడే పాత పాటలు) సంకీర్తనలూ సాహిత్యం చేతిలో పెట్టుకుని వింటున్న నాకు ఇద్దరి మాటా పూర్తిగా రుచించదు. శృంగారం ఆ పాటల్లో కావలసినంత ఉంది. అయితే చాలాచోట్ల కవి దాన్ని దాచనే లేదు. దాచిన చోట మాత్రం, ఎవరి చెవిన పడకూడదని దాచాడో చూస్తే పాట స్వరూపమే మారిపోతుంది.

ముందు దాచని పాట ఒకటి చూద్దాం. అన్నమయ్య రాసిన ‘ఏమొకో చిగురుటధరమున’ తెలియని తెలుగు ఇల్లు అరుదు. పిల్లలు పోటీల్లో పాడతారు, గుడి మైకుల్లో తెల్లవారుజామున వినిపిస్తుంది, పెళ్లిళ్లలో పెద్దలు అడిగి మరీ పాడించుకుంటారు. పల్లవిలో నాయిక పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటుకుని ఉంటుంది. అది ఆమె తన విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని చెలికత్తెలు తమలో తాము అనుకుంటారు. ఆ తర్వాత మూడు చరణాలూ ఇదే పొడుపుకథ పద్ధతిలో నడుస్తాయి. కడకన్నులు ఎర్రబడ్డాయేమిటి? ప్రియుడి మీద నాటుకున్న చూపులను పెరికినప్పుడు అంటిన నెత్తురు కాదు కదా. పయ్యెద వెలుపలికి ఆ మెరుపేమిటి? ప్రియుడు ఒత్తిన గోటి నెలవంకల నుంచి వెడలే వేసవి వెన్నెల కాదు కదా. చెక్కిళ్ల మీద ఆ ముత్యాల జల్లేమిటి? దానికి జవాబుగా చివరి చరణం ‘అద్దిన సురతపు చెమటల అందము కాదు కదా’ అని ముగుస్తుంది.

ఇందులో మరుగు ఎక్కడుంది? చరణం చరణానికీ చెలికత్తెల ప్రశ్న రాత్రికి దగ్గరవుతూ వస్తుంది. పెదవితో మొదలై, నిద్రలేని కళ్ల మీదుగా, గోటి గుర్తుల దాకా వచ్చి, చివరికి ఉన్నమాట ఉన్నట్టుగా అనేస్తుంది. గోటి గుర్తును చంద్రరేఖగా చెప్పడం కూడా అన్నమయ్య సొంత ఊహ కాదు, కామసూత్రం నఖక్షతాల్లో అర్ధచంద్రాన్ని ఒక రకంగానే లెక్కగట్టింది. తెల్లవారాక స్నేహితురాలి ఒంటిమీది ఆనవాళ్లను చూసి, అన్నీ తెలిసే ఏమీ తెలియనట్టు అడిగే ఆడపిల్లల హాస్యం ఈ పాటకు ప్రాణం. అడుగుతున్న వాళ్లకు తెలుసు, వింటున్న నాయికకు తెలుసు, తిరువేంకటపతికీ తెలుసు. తెలియనిదల్లా, ఇంత చక్కటి తెలుగును రాగంలో కరిగించి తల ఊపే మనకే.

ఈ తెలియకపోవడం ఎలా వచ్చిందన్నది ఆలోచించదగ్గ విషయం. భాష పాతబడడం ఒక కారణమే గానీ అదొక్కటే అయితే నిఘంటువుతో తీరిపోయేది. గోవిందుడి పేరు వినగానే మనసు చెంపలు వేసుకునే భంగిమలోకి వెళ్లిపోవడం అంతకంటే బలమైన కారణమని నా అభిప్రాయం. కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించిన తాళ్లపాక వారికి, అంటే అన్నమయ్య కుటుంబానికి, ఆ ఇబ్బంది లేదు. వాళ్లు ఆధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు అని స్పష్టంగా విభజించి చెక్కించారు, దొరికిన సుమారు 14,000 కీర్తనల్లో శృంగారానివే చాలా ఎక్కువ. పూరీ జగన్నాథాలయంలో గీతగోవిందాన్ని పాడాలని ప్రతాపరుద్ర గజపతి 1499లో శాసనమే వేయించాడు. అందులో రాధాకృష్ణుల కలయిక ఎంత విపులంగా ఉందో చదివిన వారికి చెప్పనక్కర్లేదు. దేవుడి ముందు పాడకూడని సంగతి అని ఆ కాలం అనుకోలేదు. జీవాత్మ పరమాత్మల కథగా చెప్పే వ్యాఖ్యానం తప్పని నేననను. దాన్ని పాట మీద కప్పడానికి దుప్పటిలా వాడటంతోనే నాకు పేచీ.

నిజంగా దాచిన పాట కావాలంటే ఇంకా చాలా వెనక్కి, శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతి దగ్గరకు వెళ్లాలి. ప్రాకృతంలో ఉన్న ఈ ఏడువందల గాథల్లో పల్లెలూ పొలాలూ కోడళ్లూ బాటసారులూ కనిపిస్తారు. మన గోదావరి పదే పదే ప్రవహిస్తుంది. (నూనూగు మీసాల వయసులో దీన్ని తెలుగు చేశానని శ్రీనాథుడు చెప్పుకున్నాడు, ఆ పుస్తకం మనకు దక్కలేదు. అది ఉంటే తెలుగు శృంగారం గురించి మన వాదాలు కొన్ని తగ్గేవేమో.) ఒక గాథలో ఒక స్త్రీ పూలు కోసుకునే ధార్మికుడితో అంటుంది: ‘అయ్యా, ఇక నిశ్చింతగా తిరుగు. నిన్ను భయపెట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఈరోజు చంపేసింది.’ పైకి అది అభయం. కుక్కకే భయపడే మనిషి సింహం ఉన్న పొదల వైపు వెళ్తాడా? ఆ పొదలు ఆమె ప్రియుడిని కలుసుకునే చోటు. రోజూ పూలకోసం వచ్చే ఈ పెద్దమనిషి బెడద వదిలించుకోవాలి. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు, పైకి చెప్పని అర్థమే కావ్యానికి ప్రాణమనే ధ్వని సిద్ధాంతం చెబుతూ, ‘వెళ్లు’ అనే మాటలోంచి ‘వెళ్లకు’ అనే అర్థం పుట్టడానికి ఈ గాథనే ఉదాహరణగా ఎత్తుకున్నాడు.

అదే వరుసలో ఆయన చెప్పిన మరో గాథ ఇంకా ముచ్చటైనది. ఇంటికి వచ్చిన బాటసారితో కోడలు అంటుంది: ‘అత్త ఇక్కడ పడుకుంటుంది, నేను ఇక్కడ. రేచీకటి బాటసారీ, పగలుండగానే సరిగ్గా చూసుకో. రాత్రి వచ్చి మా మంచాల మీద పడేవు సుమా.’ అత్త పక్కనే కూర్చుని ఈ మాట వింటూ ఉంటుంది. ఆమెకు వినపడేది కోడలి జాగ్రత్త, బాటసారికి అందేది మంచం ఆచూకీ. అతనికి నిజంగా రేచీకటి ఉందో లేదో గాథ చెప్పదు, లేదనే నా అనుమానం. ఇక్కడ రెండో అర్థం సరదాకు పెట్టింది కాదు, అది లేకపోతే ఆ స్త్రీ నోరు విప్పే వీలే లేదు. వినకూడని మనిషి అదే గదిలో ఉన్నప్పుడు పుట్టే భాష అది.

క్షేత్రయ్య పదాల్లో ఆ అత్త లేదు. పదిహేడో శతాబ్దంలో తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువు చూసిన మువ్వగోపాలుడి పేర పదాలు రాసిన ఈ కవి నాయిక చాలాసార్లు వేశ్య. ఆమె ఎవరికీ జడవనక్కర్లేదు. వచ్చినవాడు రాత్రి ఎక్కడ గడిపి వచ్చాడో ఒంటిమీది గుర్తులు చూపించి అడుగుతుంది, ఇవ్వాల్సిన సొమ్ము సంగతీ అడుగుతుంది, తనకు కోపం వస్తే దూతికతో నాలుగు కటువైన మాటలు చెప్పి పంపేస్తుంది. ఆ వచ్చినవాడు సాక్షాత్తూ గోపాలుడు. పదంలో గుట్టంతా మనస్సుకు సంబంధించింది. కాంభోజి రాగంలో ‘వదరక పోపోవే’ అని చెలిని కసిరిన నాయిక, అదొక యుగమని, ఇది వేరే జన్మమని, అతడెవరో నేనెవరో అని అంటుంది. దేహం గురించి దాపరికం లేకుండా మాట్లాడగల మనిషి, తనకింకా అతనంటే ఇష్టం ఉందన్న సంగతిని మాత్రం కసురు వెనక దాచుకుంటుంది. ఈ తిరకాసు పట్టుకోకుండా పదాన్ని బూతు అనేవాళ్లూ, భక్తి అనేవాళ్లూ సమానంగా నష్టపోతున్నారు.

తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన జావళి, నడక వేగం పెంచి పలుకు తేలిక చేసింది. దాన్ని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. చెప్పవలసింది ఈ పాటల మీద పరదా పడిన కాలం గురించి. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉండిన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠంతో అచ్చువేయించింది. అది పాట కాదు, ప్రబంధం. అయినా పాటల కథ దీనితో ముడిపడే ఉంది. ముద్దుపళని పద్యాలను వీరేశలింగం పంతులు అంతకుముందే అసభ్యమని తీసిపారేశారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకు వర్తించదా అని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీసింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1946–47లో ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు) ఉన్నప్పుడు గానీ అది బయటపడలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మ, ఈ నాగరత్నమ్మ ఒకరే. శృంగారమూ భక్తీ ఒకే మనిషిలో ఇమడవని అనేవారికి ఆమె జీవితం కొంచెం ఇబ్బంది పెడుతుంది.

అదే దశాబ్దాల్లో పదాలు పాడి ఆడే కుటుంబాల చేతిలోంచి కళ జారిపోయింది. 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. కొత్తగా వేదికెక్కిన భరతనాట్యంలో రుక్మిణీదేవి అరండేల్ శృంగార పదాలను పక్కనపెట్టి భక్తికి పెద్దపీట వేశారు. శృంగారానికి శుద్ధి అక్కర్లేదని, పాత దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన నర్తకి బాలసరస్వతి చివరిదాకా వాదించారు. వీరిద్దరిలో నేను బాలసరస్వతి పక్షాన ఉంటాను. నాయిక కోరికను తీసేసి ఆమె కన్నీటిని మాత్రం ఉంచుకోవడం నాకు సబబుగా తోచదు.

సినిమా పాట దగ్గరకు వస్తే వినకూడని మనిషి మళ్లీ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ప్రతి పాటా సెన్సారు ముందు నిలబడాలి. అందుకని పాలగ్లాసు, మల్లెపూలు, ఆరిపోయే దీపం, ఒకదానికొకటి తగిలే రెండు పువ్వులు తయారయ్యాయి. ఇవి చాలావరకు అరిగిపోయిన గుర్తులే. వాటిని విప్పి చెప్పడంలో పెద్ద సుఖం లేదు. అయితే 1977లో అడవి రాముడుకు వేటూరి రాసిన ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను హరీ’ వేరు. కోకను కొండగాలి ఎత్తుకెళ్లిందని నాయిక ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఎవరికి చేస్తోంది? హరికి. చీరలు ఎత్తుకెళ్లి పొన్నచెట్టు ఎక్కినవాడికే చీర పోయిందని చెప్పుకుంటే అది ఫిర్యాదు అవుతుందా, పిలుపు అవుతుందా? గోపికల కథ వింటూ పెరిగిన హాలు మొత్తానికి విషయం తెలుసు, కాగితం మీద మాత్రం తప్పుపట్టడానికి ఒక్క మాట ఉండదు. గోదావరి ఒడ్డు సింహానికీ ఈ కొండగాలికీ నాకు దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది.

తేడా కూడా ఉంది. గాథలో ఆ రెండో అర్థం స్త్రీ అవసరం. సినిమాలో అది ఎక్కువగా ముందు వరుసల ఈలల కోసం. అందుకే అంత నేర్పుగా రాసిన పాట కూడా తెరమీదికి వచ్చేసరికి నాయిక మాటగా కంటే నాయికను చూపించడానికి దొరికిన సందుగా మారుతుంది. వేటూరి నాయికకు తన కోరిక చెప్పుకోవడానికి కృష్ణుడి కథ అడ్డు కావలసి వచ్చింది. క్షేత్రయ్య నాయిక ఆ కృష్ణుడినే గుమ్మంలో నిలబెట్టి, నిన్న రాత్రి ఎక్కడున్నావని అడిగింది.