మండలానికి ఒక్కరే స్పెషల్ టీచర్, ఇంకొకరి కోసం మేం తిరిగిన తిరుగుడు

మా పాపకి రెండు చెవులూ సరిగ్గా వినపడవు. సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఉంది, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు వచ్చింది, క్యాంపులో హియరింగ్ ఎయిడ్ కూడా ఇచ్చారు, అన్నీ ఉన్నాయి గానీ చదువు చెప్పేవాళ్ళే లేరు. ఊళ్ళో గవర్నమెంట్ బడిలో నాలుగో క్లాసు. సార్ మంచోడే, కాకపోతే బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్తడు, మా పాపేమో పెదాలు చూసి మాట పట్టుకుంటది, ఇంక ఏం ఎక్కుతది చెప్పండి.

మండలంలో దివ్యాంగ పిల్లల కోసం భవిత సెంటర్ ఉంది, అందులో ఐఈఆర్పీ మేడం (ఇట్లాంటి పిల్లలకి చెప్పే స్పెషల్ టీచర్) ఒక్కరే. సెంటర్‌కి వచ్చే పిల్లల్ని చూసుకోవాలె, కదల్లేని పిల్లల ఇళ్ళకి పోవాలె, మిగతా బళ్ళు తిరగాలె, అది కూడా కాంట్రాక్టు జీతానికి. ఆమెని ఏమంటాం. అసలు సంగతి ఆమే చెప్పింది, "అన్నా, నేను చేసింది ఎంఆర్, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి చెప్పే ట్రైనింగ్, మీ పాపకి హెచ్ఐ, అంటే వినపడని పిల్లలకి చెప్పే ట్రైనింగ్ చేసినోళ్ళు కావాలె" అని. స్పెషల్ టీచర్లు చేసే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) కోర్సులు వైకల్యాన్ని బట్టి వేరేవేరే ఉంటయని నాకు అప్పటిదాకా తెల్వదు. ఆఫీసు లెక్కల్లో మాత్రం మా మండలంలో "స్పెషల్ టీచర్ ఉన్నారు", అయిపాయె!

ఎంఈవో ఆఫీసులో నోటితో అడిగితే ఎప్పుడు పోయినా "పోస్టుల్లేవండి, పైనుంచి రావాలె" అనే మాటే. మా బావమరిది (ఇట్లాంటి కాగితాల పని అంటే వాడికి పండగ) ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టించిండు. మండల ఆఫీసుకి ఫీజు 5 రూపాయలే. దివ్యాంగ పిల్లలు ఎందరు, ఏ వైకల్యం వాళ్ళు ఎందరు, టీచర్లు ఎవరు ఏ ట్రైనింగ్ చేసినోళ్ళు, ఇంతే అడిగినం. జవాబులో హెచ్ఐ చేసినోళ్ళు ఉండే కాలమ్‌లో గీత గీసి ఉంది. ఆ గీతే మాకు పనికొచ్చింది.

2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒకటి నుంచి ఐదు దాకా పది మంది దివ్యాంగ పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, పైక్లాసుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది, 2025 మార్చిలో పోస్టులు మంజూరు చేసి నింపమని రాష్ట్రాలకి మళ్ళీ చెప్పింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 17 కూడా జతచేసి, ఇంకొందరు తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించి, సోమవారం ప్రజావాణిలో (ఆఫీసర్లు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నం. రసీదు లేకుండా మాత్రం బయటికి రాకండి.

కొన్నాళ్ళకి పక్క మండలంలో హెచ్ఐ చేసిన మేడంని వారానికి రెండ్రోజులు మా దగ్గరికి వేసిండ్రు. ఆమె వచ్చి ముందు పాప చెవిలో మౌల్డ్ (మిషన్‌కి ఉండే, చెవిలో పట్టే అచ్చు) చూసింది, పిల్ల పెరిగింది, మౌల్డ్ వదులైంది, అందుకే మిషన్ కుయ్యిమని కూస్తుంది, మేమేమో అది పాడైందనుకొని తీసి పక్కన పెడుతున్నం. తర్వాత పాపని సార్ మొహం మీద వెలుతురు పడేవైపు ముందు బెంచీకి మార్పించింది, మాట్లాడినంతసేపు పిల్లల వైపే తిరగమని సార్‌కి చెప్పింది. ఇంతే! దీనికి ఇన్నేండ్లు.

కాకపోతే ఆ రెండ్రోజులు పక్క మండలం పిల్లలకి ఆమె ఉండదు, అది నాకూ తెలుసు. అందుకే పర్మనెంట్ పోస్టు కోసం రెండు మండలాల వాళ్ళం కలిసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు రాస్తున్నం, పక్క మండలం ఆర్టీఐ జవాబు ఇంకా రావాలె.