ర్యాంపు మీద కారు, దాని కింద నా కూతురు

అమెరికాలో పిల్లల్ని పెంచే మనవాళ్లు తెలుగు తరగతుల గురించి, సంగీతం గురించి, బతుకమ్మ గురించి ఎంతో తపన పడతారు. నేనూ పడతాను. వాటితో పాటు పానా పట్టడం కూడా మా పిల్లలకు రావాలని నా పట్టుదల. అదీ మా ఇంటి విద్యే. మా నాన్న వరంగల్ ఆజంజాహి మిల్లులో ఫిట్టరు. 1934లో నిజాం హయాంలో మొదలై, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, చివరికి మూతబడిన మిల్లు అది. నా చేతులకు మసి అంటకూడదని ఆయన నన్ను పనిముట్ల దగ్గరికి రానివ్వలేదు. డాలస్‌లో ఇల్లు కొన్నాక, పక్కింటి డాక్టరు సెలవు రోజున తన కారు కింద తానే దూరడం చూసి ఈ పని నేర్చుకున్నాను.

కిందటి డిసెంబరులో హన్మకొండ వెళ్లేసరికి నాన్న కారుకు ఆయిల్ మార్చే సమయం వచ్చింది. పాత సెడాన్, స్ప్రింగులు దిగి ముందుభాగం బాగా కిందికి వంగింది. నాన్న తనకు తెలిసిన వెల్డింగ్ షాపు నుంచి ఇనుప ర్యాంపులు తెచ్చారు, అంటే ముందు చక్రాలు ఎక్కించి కారు కింద దూరే చోటు చేసుకునే వాలు దిమ్మెలు. ఇలాంటి కార్లతో చిక్కేమిటంటే, చక్రం ర్యాంపు ఎక్కకముందే బంపరు దానికి తగులుతుంది. మా అమ్మాయి టేపు తీసి కొలిచింది. బంపరు అంచు నేలకు 16 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రం నేలను తాకే చోటికి 80 సెంటీమీటర్లు ముందుగా ఉంది. అంటే 11 డిగ్రీల వాలు దాటితే తగులుతుంది. ర్యాంపు వాలు 16 డిగ్రీలు. 4 సెంటీమీటర్ల మందం చెక్క పలకలు ఒక్కో చక్రం ముందు రెండేసి మెట్లలా పేర్చితే కారు ముందే 8 సెంటీమీటర్లు లేస్తుందని, అప్పుడు బంపరు తగలదని నోటుబుక్కులో లెక్క కట్టి తాతకు చూపించింది. నాన్న కళ్లద్దాలు సవరించుకుని ఆ లెక్కను రెండుసార్లు చదివారు.

పోర్టికోలో నున్నటి టైల్స్ మీద ర్యాంపులు ముందుకు జారిపోతాయి. అందుకే చదునుగా ఉన్న సిమెంటు గచ్చు మీదికి మారాం. నాన్న స్టీరింగు పట్టారు. మా అబ్బాయి కారుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి దారి చెప్పాలి. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లవాడు, "తాతా, కొంచెం ఎడమకు... ఇంకొంచెం... ఆపు, ఆపు!" అని వీధంతా వినబడేలా అరిచాడు. తాత తన మాట మీదే బండి నడుపుతున్నాడని వాడికి తెలుసు. ఎన్ని వారాల తెలుగు తరగతులు చేయలేని పని అది!

హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు లారీ క్లీనర్ల పద్ధతిలో రాళ్లు పెట్టాం. నాన్న కారును గట్టిగా ఊపి చూశాకే పిల్లను కిందికి వెళ్లనిచ్చారు. "జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎన్నడూ బండి కింద దూరవద్దు బిడ్డా" అన్నారు. ర్యాంపు మీద చక్రం ఊడదీయలేం కానీ, ఆయిల్ మార్చడానికి అంతకన్నా నిశ్చింతైన పద్ధతి ఇంట్లో దొరకదు. ఇంజను గోరువెచ్చగా ఉండటంతో అడుగున ఉన్న బోల్టు విప్పగానే నల్లటి ఆయిల్ ధారగా దిగింది. కొత్త వాషర్ వేయడం, ఫిల్టరు రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించడం తాత చెబుతుంటే తనే చేసింది. పాత ఆయిల్‌ను మెకానిక్ షెడ్డులోని డ్రమ్ములో పోసి వచ్చాం.

చూడవచ్చిన మా మేనత్త నొచ్చుకుంది. "అమెరికాలో చదివే ఆడపిల్లతో ఇదేం పనిరా?" అంది. దసరా నాడు పానాకు కుంకుమ బొట్టు పెట్టి దండం పెడతాం, ఏడాది పొడవునా దాన్ని పట్టిన చేతిని చిన్నచూపు చూస్తాం. ఇందులో మొదటిది మాత్రమే నా పిల్లలకు అందాలి. అత్తకూ ఆ మాటే చెప్పాను.

ఇప్పుడు తాత, మనవరాలు వీడియో కాల్‌లో చెక్క ర్యాంపుల పనిలో ఉన్నారు. బంపరు తగలని 10 డిగ్రీల వాలుతో 16 సెంటీమీటర్లు ఎక్కాలంటే వాలు భాగమే 90 సెంటీమీటర్లకు పైగా ఉండాలి. ఎడ్లబండి చక్రాలకు వాడే నల్లతుమ్మే గట్టిదని నాన్న అంటారు. అంత బరువు నానమ్మ పక్కకు జరపలేదని మనవరాలు అంటుంది. ఇంకా తేలలేదు. దసరా అయ్యాక వడ్రంగికి కొలతలు ఇస్తారట.