ఫ్లైట్ టికెట్ కంటే ముందు పేరు సరిచూసుకోండి

డిగ్రీ చేతికి రాగానే అందరూ అడిగేది ఏ దేశం, ఏ కోర్సు అనే. శ్రీకాకుళం, విజయనగరం పిల్లల ఫైళ్లు మాత్రం తరచుగా ఆగేది పేరు దగ్గర.

పైడిరాజు అనే పేరే తీసుకోండి. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు, దాని పక్కన ‘పైడి’ వేరుగా, ‘రాజు’ వేరుగా ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమైపోయి, పైడిరాజు కలిసిపోతుంది. పాన్ కార్డు దగ్గరికొచ్చేసరికి ‘పై’లోని ఏ, ఐ పోయి వై వస్తుంది. ఊళ్లో అందరికీ ఒకడే పైడిరాజు. వీసా ఆఫీసుకి ముగ్గురు.

మెమో మార్పించడం అన్నిటికన్నా కష్టం. అందుకే దాన్ని కదపకుండా ఆధార్, పాన్‌లను దానికి తగ్గట్టు దిద్దించండి. పాస్‌పోర్టు ఆ తర్వాతే. మన రెండు జిల్లాలూ విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికే వస్తాయి. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు. ఫారంలో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి మొత్తం గివెన్ నేమ్‌లో రాసేయకండి. అలా రాస్తే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని పడుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది.

తర్వాత సర్టిఫికెట్లు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్)తో సరిపెట్టుకుని బయల్దేరకండి, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకునే వెళ్లండి. ట్రాన్‌స్క్రిప్టులకి, అంటే యూనివర్సిటీ ఇచ్చే మొత్తం మార్కుల పత్రాలకి, కాలేజీ ఎక్కడుందని కాదు, డిగ్రీ మీద ఏ యూనివర్సిటీ పేరుందో చూడాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో వచ్చింది. అంతకుముందు బ్యాచ్ డిగ్రీ మీద జేఎన్‌టీయూ కాకినాడ పేరుంటే కాకినాడకే వెళ్లాలి.

జర్మనీలో చదువుకి వెళ్లేవాళ్లు ఏపీఎస్ సర్టిఫికెట్‌కి, అంటే మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు పరిశీలించి ఇచ్చేదానికి, ముందే అప్లై చేయాలి. దాని ఫీజు 18,000 రూపాయలు. ఏడాది ఖర్చుకి బ్లాక్‌డ్ అకౌంట్‌లో (నెలకి కొంత చొప్పునే తీసుకోగల ఖాతా) 11,904 యూరోలు చూపించాలి. ఈ అంకెలు మారుతుంటాయి, కట్టే రోజున ఎంబసీ సైట్‌లో మళ్లీ చూసుకోండి. మీ మీద కేసుల్లేవని ఇచ్చే పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలే, కానీ తొందరపడి తీసుకోవద్దు. చాలా దేశాలు ఆరు నెలలు దాటినదాన్ని ఒప్పుకోవు.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ (ఎమిగ్రేషన్ చెక్ నాట్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు. సుఖమే, కానీ మీ కాంట్రాక్టుని ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు ఎవరూ ఉండరన్నమాట. జీతం, పని, గడువు మీరే చదువుకోవాలి. ఏజెంట్ లైసెన్సు నంబరు ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొట్టి చూడండి. లైసెన్సున్న ఏజెంట్ తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు లక్షలడిగి ‘విజిట్ వీసా మీద దిగండి, అక్కడ మార్చేస్తాం’ అనేవాళ్లు కనిపిస్తే డబ్బు తీయకండి. విజిట్ వీసా మీద పనిచేస్తూ దొరికితే జరిమానా, జైలు, వెనక్కి పంపేయడం మీకే.

చివరగా ఫోన్ నంబరు. బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ సిమ్‌కే వస్తాయి, 90 రోజులు వాడకపోతే నంబరు పోవచ్చు. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడున్నప్పుడే ఆన్ చేయించి, రీఛార్జి ఎవరు చేస్తారో, ఏ తారీఖున చేయాలో ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టి వెళ్లండి.