నందాదేవి ప్రాకారం

ఔలీ పచ్చిక బయలు మీద తెల్లవారుజామున నిలబడి చూస్తే నందాదేవి చెయ్యి చాపితే అందేటట్టు కనిపించింది. ఆ కొండ పాదం దగ్గరికి చేరడం 1934 దాకా ఎవరి వల్లా కాలేదని తరువాత చదివినప్పుడు ఆశ్చర్యపోయాను.

ఉత్తరాఖండ్‌లోని ఈ శిఖరం ఎత్తు 7,816 మీటర్లు. కాంచన్‌జంగా నేపాల్ సరిహద్దు మీద ఉంది కనుక, పూర్తిగా మన ఏలుబడిలోని కొండలలో ఇదే పెద్దదని చెప్పుకుంటారు. నా దృష్టిలో దీని అసలు విశేషం ఎత్తు కాదు, చుట్టూ ఉన్న గోడ. గుడి చుట్టూ ప్రాకారం కట్టినట్టు, దాదాపు 110 కిలోమీటర్ల చుట్టుకొలతతో మంచు కొండల వలయం ఒకటి దీనిని కమ్ముకుని ఉంది. పడమట రుషిగంగ కోసుకుని బయటపడే ఇరుకు లోయ తప్ప, ఆ గోడ ఎక్కడా సుమారు 5,200 మీటర్లకు దిగదు.

1932లో బ్రిటిష్ పర్వతారోహకుడు హ్యూ రట్లెడ్జ్ దక్షిణపు గోడ మీదుగా దిగే దారి వెతికి వెనుదిరిగాడు. రెండేళ్ల తరువాత ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వారితో పాటు అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు రుషిగంగ లోయనే పట్టుకుని, నిట్టనిలువు రాతిగోడల మీద సన్నని అంచు వెంట అంచు వెతుక్కుంటూ, బరువులు తామే మోసుకుంటూ లోపలి పచ్చిక మైదానాలకు చేరుకున్నారు. శిఖరం ఎక్కకపోయినా, కష్టమైన సగం వారే పూర్తి చేశారని నేననుకుంటాను.

1936లో బ్రిటిష్, అమెరికన్ బృందం అదే దారిన వెళ్లింది. చివరి గుడారంలో నోయెల్ ఓడెల్‌తో పాటు ఉన్న చార్లెస్ హ్యూస్టన్, డబ్బాలోని చెడిపోయిన మాంసం తిని జబ్బుపడ్డాడు. ఓడెల్ పైనుంచి ‘చార్లీ ఈజ్ ఇల్’ అని కేక వేస్తే, ‘జబ్బుపడ్డాడు’ అన్న ఆ మాట కిందివారికి ‘కిల్డ్’, అంటే చనిపోయాడని వినిపించిందట! కంగారుగా పైకి వెళ్లినవారికి హ్యూస్టన్ ప్రాణాలతోనే కనిపించాడు. అతను దిగిపోగా ఆ చోటు టిల్మన్‌కు దక్కింది. ఆగస్టు 29న టిల్మన్, ఓడెల్ శిఖరం మీద నిలబడ్డారు. 1950లో అన్నపూర్ణ శిఖరం ఎక్కేదాకా, మనిషి చేరుకున్న శిఖరాలలో ఇదే ఎత్తయినది.

1965 కథ వేరు. చైనా అణుపరీక్షలను పసిగట్టడానికి భారత, అమెరికా గూఢచారి సంస్థలు ప్లుటోనియంతో నడిచే పరికరాన్ని ఇక్కడికి మోయించాయి. వాతావరణం చెడిపోవడంతో దానిని దారిలోనే కట్టి ఉంచి దిగివచ్చారు. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే అది అక్కడ లేదు, నేటికీ దొరకలేదు.

తరువాతి ఏళ్లలో యాత్రికుల తాకిడి పెరిగింది. వంటచెరకు నరికివేత, చెత్త, వేట మితిమీరడంతో 1982లో జాతీయ పార్కుగా ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి లోపలికి ప్రవేశం ఆపేశారు. ఆ నిషేధంతో దగ్గరలోని లాతా గ్రామస్థులకు బరువులు మోసే కూలి పని పోయింది. ధరాన్సీ, దిబ్రూఘేటా పచ్చికలకు వారి గొర్రెల మందలు వెళ్లే దారి కూడా మూతపడింది.