లిఫ్ట్ చేసిన బండికి అలైన్‌మెంట్: ముందు క్యాస్టర్ సంగతి అడగండి

నా మారుతి జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ వేయించాక (సస్పెన్షన్ దగ్గర బండిని ఎత్తు చేయించాక) హైవే మీద స్టీరింగ్ కుదురుగా ఉండటం లేదు. బండి ఒకే పక్కకి లాగితే అది వేరే సమస్య. ఇది కాసేపు ఎడమకి, కాసేపు కుడికి జరుగుతూ పోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది మధ్యకి రావాలి, రావట్లేదు. రాళ్లలో, బురదలో ఈ తేడా ఏమీ తెలియదు. గంటకు 80 కిలోమీటర్లు దాటితేనే టెన్షన్.

చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించాను. రిపోర్టులో టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) అంకెలు పచ్చగా వచ్చాయి, "అంతా ఓకే సార్" అన్నారు. బండి మాత్రం ఏమీ మారలేదు. అదే కాగితంలో క్యాస్టర్ వరసకి వెళ్తే రెండు వైపులా 1 డిగ్రీ దగ్గర ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి ఆ వాలు సాయం చేస్తుంది. కారు చక్రం ఏ నిలువు ఇరుసు మీద పక్కకి తిరుగుతుందో ఆ ఇరుసుకీ అలాంటి వాలు ఉంటుంది. అదే క్యాస్టర్. జిమ్నీకి ముందు యాక్సిల్ ఒకే ముక్క. దాన్ని పట్టుకునే ఆర్మ్‌లు వెనక ఛాసిస్ దగ్గర మొదలై ముందుకి వస్తాయి. ఛాసిస్‌ని పైకి లేపితే ఆర్మ్‌ల వెనక కొస కూడా పైకి లేస్తుంది, దాంతో యాక్సిల్ మొత్తం ముందుకి తిరిగి, ఉన్న వాలు తగ్గిపోతుంది. దీన్ని సర్దడానికి కంపెనీ ఏ బోల్టూ ఇవ్వలేదు కాబట్టి అలైన్‌మెంట్ మెషీన్ దగ్గర చేయగలిగిందేమీ లేదు. ఆర్మ్‌లలో ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం మధ్యలో కాక పక్కకి ఉండేవి) వేయించాలి. వేయించాక దాదాపు 2 డిగ్రీలు తిరిగొచ్చాయి, స్టీరింగ్ తనంతట తాను మధ్యకి వస్తోంది. నాకు ఇదే అన్నిటికంటే పెద్ద ఊరట. అలాగని ఇంకా ఇంకా పెంచుకుంటూ పోకూడదు. యాక్సిల్‌ని వెనక్కి తిప్పేకొద్దీ అందులోని గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్, మూతి కిందికి దిగుతుంది, దానికి శక్తిని తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ మీద కోణం పెరుగుతుంది.

గుంత తగలగానే స్టీరింగ్ గడగడా ఊగిపోతుంటే మాత్రం అలైన్‌మెంట్ కంటే ముందు లూజులు చూడాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లు నేల మీదే ఉంచి, ఇంజన్ ఆన్‌లో ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలిస్తుంటే ఇంకొకరు పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసిస్‌కి పట్టి ఉంచేది) రెండు చివర్లూ, టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపేది) ఎండ్‌లూ గమనించాలి. బోల్టు తన రంధ్రంలో ఆడుతుంటే కంటికే కనిపిస్తుంది. కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరిగే పిన్ను) బేరింగులు చూడాలంటే చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (ఊపుని అణిచే షాక్ అబ్సార్బర్) వేస్తే ఊగడం కొన్నాళ్లు కనపడకుండా పోతుందంతే. దాన్ని రిపేరు అనడం నాకు ఇష్టం లేదు.

తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉందా? లిఫ్ట్ వల్ల డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్) కోణం మారి అలా అవుతుంది. ఆ లింక్‌లో ఉన్న అడ్జస్టర్ తిప్పే సరిచేయాలి. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెడతామంటే ఒప్పుకోకండి. లోపల స్టీరింగ్ బాక్స్ నడిమి స్థానం పక్కకే ఉండిపోతుంది, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండ్లలో సెన్సర్ లెక్క కూడా తప్పుతుంది.

ఫార్చ్యూనర్, హైలక్స్ లాంటి వాటికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది). వాటిలో కింది ఆర్మ్ దగ్గర క్యామ్ బోల్టులుంటాయి (తిప్పితే ఆర్మ్‌ని జరిపేవి), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలి ఉండటం), క్యాస్టర్ రెండూ అక్కడే సర్దవచ్చు. లిఫ్ట్ ఎక్కువైతే ఆ బోల్టులు చివరిదాకా తిప్పినా చాలదు, పై ఆర్మ్‌లు మార్చాల్సి వస్తుంది.

టో మాత్రం ఆఖర్న. పెద్ద టైర్లు వేసినవాళ్లు దాన్ని డిగ్రీల్లోనే అడగండి. టైరు అంచుల దగ్గర 2 మిల్లీమీటర్ల తేడా అంటే 27 అంగుళాల టైరుకి 0.17 డిగ్రీలు, 31 అంగుళాలదానికి 0.15 కూడా రాదు.

అలైన్‌మెంట్‌కి బండి తీసుకెళ్లే ముందు ఆఫ్‌రోడ్ కోసం తగ్గించిన గాలి మళ్లీ నింపండి, రిమ్ముల లోపలి వైపు కడిగించండి. అక్కడ ఎండిపోయిన బురద ముద్ద ఒక్కటి చాలు, బ్యాలెన్స్ తప్పి స్టీరింగ్ వణుకుతుంది. ఆ వణుకు ఏ అలైన్‌మెంట్‌తోనూ పోదు.