చుక్క పళ్లూ మా తిప్పలూ

కుక్కపిల్లను తెచ్చుకున్నామని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "ఇల్లంతా పాడుచేస్తోందా?" ఆ విషయంలో చుక్క మమ్మల్ని పెద్దగా ఏడిపించలేదు. బాల్కనీలో పేపర్ పరిస్తే తొందరగానే అలవాటు పడింది. మా ఇంట్లో గొడవంతా కొరకడం గురించే. నా చేతులు, మా అత్తయ్య చీర కుచ్చిళ్లు, మా పాప మడమలు, మా ఆయన లుంగీ, దేన్నీ వదల్లేదు.

మేముండేది హైదరాబాద్ తార్నాకలో, అపార్ట్‌మెంట్‌లో. చుక్క వీధికుక్క పిల్ల. దాని తల్లి బండి కింద పడి చచ్చిపోయింది. మిగతా పిల్లల్ని ఎవరెవరో తీసుకెళ్తే ఇది మా వాచ్‌మన్ దగ్గర మిగిలిపోయింది. జూన్‌లో బడులు తెరిచిన రోజుల్లో మా ఇంటికొచ్చింది. డాక్టర్ గారు దాని నోరు తెరిచి చూసి ఆరు వారాలుంటాయన్నారు. మూడో వారం నుంచి పాలపళ్లు మొలవడం మొదలై, ఆరో వారం వచ్చేసరికి దాదాపు అన్నీ వచ్చేస్తాయట. మొత్తం 28. "ఇంకో రెండు వారాలైనా తల్లి దగ్గర ఉండాల్సిందమ్మా. అక్కడ నేర్చుకునే పాఠం ఇప్పుడు మీరే చెప్పాలి" అన్నారాయన.

ఆ పాఠం ఏమిటో తర్వాత అర్థమైంది. తోటి పిల్లలతో ఆడుకునేటప్పుడు గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది. పాలు తాగేటప్పుడు పళ్లు గుచ్చుకుంటే తల్లి లేచి వెళ్లిపోతుంది. గట్టిగా కొరికితే ఆటా పోతుంది, పాలూ పోతాయి. ఎంత ఒత్తిడి పెట్టొచ్చో పిల్లకు అలా తెలుస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఉంది. కానీ తల్లి లేని వీధి పిల్లకు ఏ నిబంధన ఏం చేస్తుంది?

మా ఆయనకు ఏదైనా మొదలుపెడితే మూలం దాకా వెళ్లే అలవాటు. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, జాక్సన్ లేబొరేటరీలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి, 1965లో ప్రచురించిన విషయాలన్నీ అన్నం తింటూ మాకు వినిపించాడు. మొదటి రెండు వారాలు కళ్లూ చెవులూ మూసుకునే ఉంటాయి, పాలు తాగడం, నిద్రపోవడమే పని. మూడో వారంలో లేచి నిలబడతాయి. అక్కడి నుంచి దాదాపు పన్నెండో వారం వరకు మనుషుల్ని, తోటి జంతువుల్ని, చప్పుళ్లని తనవిగా చేసుకునే కాలం. ఆ తర్వాత కొత్తవాటికి అలవాటు చేయడం కుదరదని కాదు, చాలా ఓపిక కావాలి.

ఇక్కడే అసలు చిక్కు. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల వైరస్) లాంటి జబ్బుల టీకాలు ఆరేడు వారాల వయసులో మొదలుపెడితే పూర్తయ్యేది పదహారు వారాలకు. అప్పటిదాకా వీధిలో నేల మీద వదలొద్దంటారు. మరి పన్నెండు వారాల లోపే లోకం చూపించాలి కదా! మేం ఎంచుకున్న దారి మార్కెట్ సంచి. సంచిలో తువ్వాలు పరిచి, చుక్కను కూర్చోబెట్టి, భుజాన వేసుకుని తిరిగాను. తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆటోల మోత, కూరగాయల బండి మైకు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయిలు, బురఖా వేసుకున్న పక్కింటి ఆంటీ, అన్నీ సంచిలోంచే చూసింది. ఆషాఢంలో బోనాల డప్పులు మొదలయ్యేసరికి దానికి పది వారాలు. ఎనిమిది నుంచి పది వారాల మధ్య పిల్లలు చిన్నదానికే బెదిరిపోతాయి, ఆ భయం నాటుకుపోతుంది కూడా. అందుకని ఊరేగింపు దగ్గరికి తీసుకెళ్లలేదు. డప్పు లీలగా వినిపించేంత దూరంలో మెట్ల మీద కూర్చుని కాస్త పెరుగన్నం తినిపించాను. చెవులు నిక్కబొడుచుకుని వింటూనే తినేసింది.

కొరకడం మాత్రం రోజురోజుకూ పెరిగింది. కింది ఫ్లోర్ అంకుల్ "మూతి మీద ఒక్కటివ్వమ్మా, దెబ్బకు మానేస్తుంది" అన్నారు. అనడమే కాదు, ఓసారి లిఫ్ట్ దగ్గర తానే ఇచ్చి చూపించారు. చుక్క కొరకడం మానలేదు కానీ, అప్పటినుంచి ఆయన చెయ్యి తలవైపు వస్తే గుర్రుమనడం నేర్చుకుంది. పెద్దాయన, ఏమంటాం? "అంకుల్, నిద్రలో ఉంది" అని చెప్పి దాన్ని ఆయన కంటపడకుండా తిప్పాను. చేతికి కారం రాసుకోమన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కళ్లలో ఆ చెయ్యి పెట్టుకుంటే తెలుస్తుంది.

"నొప్పి అని గట్టిగా అరిస్తే ఆగిపోతుంది" అని చాలామంది చెబుతారు. కొన్ని పిల్లలు ఆగుతాయేమో. మా పాప కీచుమంటే చుక్కకు ఇంకా హుషారొచ్చేది. అందుకని అరుపులు మానేశాం. పన్ను తగిలిందంటే చెయ్యి లాక్కోకుండా కదలిక ఆపేయాలి. లాక్కుంటే పరిగెత్తే ఎర అయిపోతుంది. వెంటనే పాత జీన్స్ ప్యాంటు ముడులేసి చేసిన బొమ్మ నోటికందించాలి. అయినా చెయ్యే కావాలంటే, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి వంటింటి గుమ్మానికి కట్టిన అడ్డు దాటి వెళ్లిపోవాలి. అర నిమిషం చాలు, మళ్లీ వచ్చి ఆడుకోవచ్చు. పది నిమిషాలు వదిలేస్తే ఎందుకు వెళ్లామో దానికి గుర్తుండదు.

ఇది అత్తయ్యతో చేయించడం చుక్కకు నేర్పడంకన్నా కష్టమైంది. కుచ్చిళ్లు పట్టుకోగానే ఆవిడ "ఓసి నీ దుంప తెగ!" అంటూ గదంతా తిరిగేవారు. దానికి అంతకన్నా మంచి ఆట ఏముంటుంది? "అత్తయ్యా, కదలకండి, నిలబడిపోండి" అంటే, "నా చీర చిరిగాక నిలబడమంటావా?" అని నా మీదే విసుక్కునేవారు. చివరికి ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. నడుముకు చిన్న గుడ్డసంచి కట్టుకుని అందులో వేయించిన శనగలు వేసుకున్నారు. చుక్క చీర జోలికి రాకుండా పక్కనే నడిస్తే ఒక గింజ. నా పద్ధతులన్నింటికన్నా అదే త్వరగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

సాయంత్రం ఏడు దాటితే మాత్రం ఏ పద్ధతీ పనిచేసేది కాదు. ఇల్లంతా గిరగిరా తిరిగి, సోఫా ఎక్కి దూకి, కనబడినవాళ్లనల్లా పట్టి కొరికేది. ఎనర్జీ ఎక్కువై అలా చేస్తోందని మేం ఇంకా ఆడించేవాళ్లం. డాక్టర్ గారు రోజంతా ఎంత పడుకుంటోందని అడిగారు. ఈ వయసులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్ర కావాలట. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు, ట్యూషన్ పిల్లలు వస్తారు, కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్. దానికి నిద్రెక్కడిది? నిద్ర ఆపుకున్న చంటిపిల్లలా పేచీ పెడుతోందన్నమాట. చిన్న గదిలో ఒక మూల అడ్డు కట్టి, పరుపు వేసి, ఫ్యాన్ పెట్టి, గంటసేపు మెలకువగా ఉంటే తర్వాత అక్కడ పడుకోబెట్టడం మొదలుపెట్టాం. మొదట్లో కాసేపు కుయ్యోమనేది, పక్కన కూర్చుంటే పడుకునేది. సాయంత్రాల గొడవ సగానికి సగం తగ్గింది. కొరుకుడు గురించి నన్నెవరడిగినా ముందు నిద్ర గురించే అడుగుతాను.

ఈ మధ్యలోనే ఒకరోజు బంతి కోసం ఇద్దరూ ఒకేసారి వంగినప్పుడు పాప వేలికి పన్ను దిగి రక్తం వచ్చింది. అత్తయ్య పసుపు డబ్బా తెచ్చేలోపు నేను పాపను కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. "ఇంట్లో పిల్లే కదా, టెన్షన్ దేనికి?" అని ఫోన్‌లో చుట్టాలన్నారు. కానీ రేబిస్ టీకా కుక్కకు వేసేది మూడు నెలలు నిండాకే. చుక్కకు ఇంకా పడలేదు. తల్లి ఎలాంటిదో, అంతకుముందు దీన్ని ఏది కరిచిందో ఎవరికి తెలుసు? పిల్లకుక్కల నుంచి కూడా రేబిస్ వస్తుంది. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆటో ఎక్కి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లాం. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు వైరస్‌ను అడ్డుకునే మందు) కూడా ఇచ్చారు. కుక్కను పది రోజులు గమనించమన్నారు. దానికేం కాలేదు. పాప మాత్రం సూదిపోటు కథ క్లాసంతా చెప్పుకుంది.

ఆగస్టుకల్లా బాగా తగ్గింది, గండం గడిచిందనుకున్నాం. వినాయక చవితి వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి మనుషులకన్నా కుర్చీ కాళ్లు, చెప్పులు, గోడ అంచులు. జీన్స్ బొమ్మ మీద రక్తపు మరకలు చూసి కంగారుపడ్డాను. పాలపళ్లు ఊడుతున్నాయంతే. నాలుగో నెలలో ముందు పళ్లు మొదలై, ఆరేడు నెలలకు మొత్తం 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఊడినవి చాలావరకు మింగేస్తాయి. ఒక్కటి మాత్రం చాప మీద దొరికితే పాప పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. చిగుళ్ల దురదకు తడిగుడ్డ ముడేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇచ్చాం, పెద్ద క్యారట్ కూడా చల్లబరిచి ఇచ్చాం. ఆదివారం మటన్ ఎముకలు ఎదురింటివాళ్లు ప్రేమగా పంపేవారు, అవి మాత్రం పెట్టలేదు. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఆట కొరుకుడుకూ కోపంతో కరవడానికీ తేడా కూడా ఈ నెలల్లోనే కళ్లకు అలవాటైంది. ఆటలో ఒళ్లు వదులుగా ఉంటుంది, తోకతో పాటు నడుమూ ఊగుతుంది. గిన్నె దగ్గరో బొమ్మ దగ్గరో ఒళ్లు బిగుసుకుపోయి, కదలకుండా పక్కచూపు చూస్తూ గుర్రుమంటే అది వేరే సంగతి. అప్పుడు సొంత వైద్యం పనికిరాదు, తెలిసినవాళ్లకు చూపించాలి. చుక్క అలా చేసింది కింది ఫ్లోర్ అంకుల్‌తోనే. ఇప్పుడు ఆయన కూడా చెయ్యి చాపకుండా, శనగలు కింద వేసి పలకరిస్తున్నారు.

దీపావళి నాటికి ఆరు నెలలు. పళ్లన్నీ వచ్చాయి, ఒంటి మీద పన్ను పడటం దాదాపు ఆగిపోయింది. టపాసులకు మంచం కింద దూరింది కానీ అన్నం మానలేదు. ఇప్పుడు ఎనిమిదో నెల, అంటే టీనేజ్ అట. ఏడాదిన్నర దాకా ఇలాగే ఉంటుందంటున్నారు. పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ రోడ్డులో నడుస్తుంటే ఉన్నట్టుండి బెల్టు నోట కరుచుకుని లాగుతుంది, పిలిస్తే వినబడనట్టు నటిస్తుంది. పైన ఒక పాత కోరపన్ను ఊడకుండా కొత్తదాని పక్కనే నిలిచిపోయింది. సంక్రాంతి అయ్యాక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఉంది, అదే మత్తులో ఆ పన్నూ తీసేస్తామన్నారు. పెన్సిల్ డబ్బాలో జత పెట్టుకోవడానికి అది తనకే ఇవ్వాలని పాప డాక్టర్ గారి దగ్గర ముందే మాట తీసుకుంది.